ఫోను మోగితే ఇంటర్నెట్ పోతోందా? రౌటర్‌ను కాదు, తీగను చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు పద్మారావునగర్‌లో ఒక పాత అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటారు. నాన్నగారి కాలం నాటి ల్యాండ్‌లైన్ ఉంది. వారి సందులోకి ఫైబర్ ఇంకా రాలేదు. అందుకని ఆ టెలిఫోన్ లైను మీదనే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నారు. మొదట కొన్న రౌటర్‌కు టెలిఫోన్ తీగ దూరే సాకెట్టే లేదు. రెండోది కొన్నారు. లైను కలిసిందని చూపే డీఎస్‌ఎల్ దీపం వెలుగుతుంది, పది నిమిషాలకు మిణుకుమంటుంది, ఎవరైనా ఫోను చేస్తే ఆరిపోతుంది. హాల్లో ఒక ఫోను, నాన్నగారి గదిలో ఇంకొకటి ఉన్నాయి. పక్కింటాయన ఇంకా ఖరీదైన రౌటర్ కొనమన్నారట, ఆఫీసు మిత్రుడు వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సెట్టింగు మార్చమన్నాడట. మూడు రోజులుగా సెట్టింగులతో కుస్తీ పడుతున్నారు.

ముందు ఆ సెట్టింగుల పేజీ మూసేయండి. మీరు చెప్పిన లక్షణాల్లో సెట్టింగు తప్పని చూపేది ఒక్కటీ లేదు. సెట్టింగు తప్పయితే ఎప్పుడూ పనిచేయదు. పది నిమిషాలు బుద్ధిగా పనిచేసి, మీ మేనత్తగారు ఫోను చేసిన క్షణంలో చెడిపోయే సెట్టింగును నేను ఇంతవరకు చూడలేదు. టెలిఫోన్ లైన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఇలాంటి ఇళ్లకు చాలాసార్లు వెళ్లాను. రౌటర్లు మార్చిన వారే ఎక్కువ కనిపించారు, ఇంటి లోపలి తీగ మార్చిన వారు అరుదు. మీ రెండో రౌటర్ బాగానే ఉందని నా అనుమానం.

రౌటర్ మీది రెండు దీపాలను కలిపి చదవకండి. డీఎస్‌ఎల్ అని రాసి ఉన్నది, మీ రౌటర్‌కూ ఎక్స్ఛేంజిలో ఉండే డీస్లామ్ అనే పెట్టెకూ రాగి తీగ మీద మాట కలిసిందో లేదో చెబుతుంది. మిణుకుమంటుంటే ఇంకా ప్రయత్నిస్తున్నాయని, నిలకడగా ఉంటే కలిసిందని అర్థం. ఇంటర్నెట్ అని రాసి ఉన్నది ఆ తర్వాతి మెట్టు. మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసి అవతలివారు లోపలికి రానిచ్చారా అన్నది అది చెబుతుంది. మొదటిది తీగ సంగతి, రెండోది కాగితం సంగతి. మొదటి దీపం నిలకడగా ఉండి రెండోది ఎర్రగా ఉంటే అప్పుడు సెట్టింగులు వెతకాలి. పాత రోజుల్లో కంప్యూటర్ నుంచే డయల్ చేసేటప్పుడు 691 అనే లోపం సంఖ్య వచ్చేది చూడండి, అది ఈ రెండో రకం. మీకు మొదటి దీపమే నిలవడం లేదు. అంటే మీ మిత్రుడు చెప్పిన డీఎన్‌ఎస్ దాకా కథ వెళ్లనే లేదు. వీధి గుమ్మమే తెరుచుకోనప్పుడు పెరటి తలుపుకు నూనె వేసి ఏం లాభం?

ఫోను మోగితే ఎందుకు పోతుందో తెలియాలంటే తీగలో ఏం నడుస్తోందో కొంచెం తెలియాలి. మనం మాట్లాడే మాట 300 నుంచి 3400 హెర్ట్‌జ్ మధ్య వెళుతుంది. ఇంటర్నెట్ దానికి చాలా పైన, సుమారు 25 కిలోహెర్ట్‌జ్ దగ్గర మొదలై, మీలాంటి లైన్ల మీద వాడే ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ పద్ధతిలో 2.2 మెగాహెర్ట్‌జ్ దాకా పోతుంది. ఒకే రాగి జత మీద ఇద్దరు ప్రయాణికులు, వేర్వేరు అంతస్తుల్లో. మామూలుగా ఒకరి జోలికి ఒకరు వెళ్లరు. అయితే ఫోను పెట్టేసి ఉన్నప్పుడు ఆ తీగ మీద ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి వచ్చే 48 వోల్టులు నిశ్చలంగా ఉంటాయి. రింగు వచ్చినప్పుడు దాని మీద సుమారు 75 వోల్టుల ఏసీ వచ్చి పడుతుంది. ఎక్కడైనా ఒక ఫోను ఫిల్టర్ (మాటనూ ఇంటర్నెట్‌నూ విడిగా ఉంచేది) లేకుండా లైనుకు నేరుగా తగిలించి ఉంటే ఆ కుదుపు, ఆ చప్పుడు అంతా పై అంతస్తులోకి పొర్లుతుంది. డీఎస్‌ఎల్ దీపం ఆరిపోతుంది. ఇంకో మాట: రింగు వస్తున్నప్పుడు వేళ్లతో తీగలు పట్టుకోకండి. ప్రాణం మీదికి రాకపోవచ్చు గాని నిచ్చెన మీద ఉన్నవాణ్ణి కింద పడేయడానికి ఆ జెర్కు చాలు. నాకు అనుభవమే.

రౌటర్ పెట్టెలో ఒక చిన్న తెల్లటి డబ్బా వచ్చి ఉంటుంది, స్ప్లిటర్. ఆ ఫిల్టర్ ఇందులోనే ఉంటుంది. దానికి మూడు రంధ్రాలు: లైన్, ఫోన్, మోడెమ్. లైన్ అన్నది గోడ వైపు. మోడెమ్ అన్నదానికి రౌటర్, ఫోన్ అన్నదానికి ఫోను. దీన్ని తలకిందులుగా పెట్టిన ఇళ్లు ఉన్నాయి, ఫోను పనిచేస్తుంది గాని ఇంటర్నెట్ రాదు. మీ సంగతి మాత్రం వేరు. హాల్లో ఫోనుకు స్ప్లిటర్ పెట్టారని రాశారు, నాన్నగారి గదిలో దానికి పెట్టినట్టు రాయలేదు. ఆ రెండో ఫోను తీగ బహుశా హాల్లో గోడ పెట్టె దగ్గరే, స్ప్లిటర్‌కు ముందే చీలి పక్క గదికి పోయి ఉంటుంది. అంటే అది ఫిల్టర్ లేని ఫోను. ఇలాంటివాటిని లెక్కపెట్టేటప్పుడు ఫోనుల్నే కాదు, లైనుకు తగిలించిన ప్రతి వస్తువునూ లెక్కపెట్టండి: పాత కాలర్ ఐడీ డబ్బా, మూలన పడి ఉన్న ఫ్యాక్స్ యంత్రం, దొంగల అలారం. వాడకంలో లేకపోయినా తీగకు తగిలి ఉంటే చాలు, అది లైను మీద ఉన్నట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. అరగంట పని. ఇంట్లో టెలిఫోన్ తీగ మొదట వచ్చి చేరే పెట్టె ఎక్కడుందో చూడండి. మేం రోజెట్ అంటాం. మీలాంటి అపార్టుమెంట్లలో అది సాధారణంగా వీధి తలుపు పైనో, బాల్కనీ కిటికీ మూలలోనో ఉంటుంది. మూడు నాలుగు సార్లు సున్నం పడి గోడలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి తీగ వెంట వెళ్లి వెతకాలి. మూత తీయండి. బయటి నుంచి వచ్చే జత రెండు స్క్రూల మీద ఉంటుంది. అవే స్క్రూల మీద లోపలి గదులకు పోయే తీగలు కూడా చుట్టి ఉంటాయి. ఎలా ఉన్నాయో ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. తర్వాత లోపలికి పోయేవన్నీ విప్పి పక్కకు వంచేయండి. ఫోనులన్నీ లైను నుంచి తెగిపోవాలి. ఇప్పుడు ఆ పెట్టె సాకెట్టుకే, స్ప్లిటర్ కూడా లేకుండా, రౌటర్‌ను పొట్టి తీగతో నేరుగా తగిలించండి. కరెంటు కోసం ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కోండి. స్టూలు మీద రౌటర్ పెట్టుకుని ఓ పూట వదిలేయండి.

దీపం నిలకడగా ఉందా? మీ సెల్‌ఫోను నుంచి ల్యాండ్‌లైన్‌కు రింగు ఇచ్చి చూడండి. మోగడానికి ఫోను లేకపోయినా రింగు వోల్టేజి తీగ మీదికి వస్తుంది. అప్పుడూ దీపం నిలిస్తే, జబ్బు మీ ఇంటి గోడల లోపలే ఉంది. రింగు వచ్చిన వెంటనే పోయినా, పది నిమిషాలకే పోయినా, బయటి తీగలో ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఫిర్యాదు చేసినా, రౌటర్ మార్చినా, చీకట్లో రాయి వేసినట్టే.

ఆ మూత తీసినప్పుడు స్క్రూల చుట్టూ రాగి ఏ రంగులో ఉందో చూడండి. ఎర్రగా మెరుస్తుంటే మంచిది. పచ్చగా పొడి రాలుతుంటే చిలుము పట్టింది. చీమలు కాపురం పెట్టి ఉంటే ఆశ్చర్యపోకండి, ఆ పెట్టెలంటే వాటికి మహా ఇష్టం. తీగ కొసను ఒక అంగుళం కత్తిరించి, పైతొడుగు ఒలిచి, మెరిసే రాగిని స్క్రూ కింద బిగించండి. స్క్రూ కూడా తుప్పు పట్టి ఉంటే కొత్త పెట్టె కొనడమే మేలు. కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటి సరంజామా దొరుకుతుంది, పెద్ద ఖర్చేమీ కాదు.

చిలుము అనగానే ఒక ఇల్లు గుర్తొస్తుంది. మారేడుపల్లిలో ఒక పెద్దావిడ, ఒంటరిగా ఉండేవారు. కొడుకు కుటుంబం విదేశంలో. రాత్రిపూట మనవణ్ణి కంప్యూటర్‌లో చూడటం కోసమే ఇంటర్నెట్ పెట్టించుకున్నారు. "ఫోను ఎత్తి పక్కన పెడితే ఇంటర్నెట్ చక్కగా వస్తుంది నాయనా, పెట్టేస్తే పోతుంది" అన్నారు. నా వెంట వచ్చిన కుర్రాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, పైగా జబ్బు ఏమిటో కూడా ఆ మాటలోనే ఉంది. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు తీగలో కరెంటు దాదాపు పారదు. రిసీవర్ ఎత్తితే ఇరవై, ముప్పై మిల్లీయాంపులు పారుతుంది. ఎక్కడైనా జాయింటులో చిలుము పొర అడ్డుపడి ఉంటే ఆ కాస్త కరెంటు పొరను చీల్చుకుని దారి చేస్తుంది. ఆ దారి వెంట ఇంటర్నెట్ కూడా పోతుంది. రిసీవర్ పెట్టేస్తే దారి మూసుకుంటుంది.

తీగ వెంట డాబా ఎక్కాం. వాటర్ ట్యాంకు వెనక, పిట్టగోడ మీద నల్లటి టేపు చుట్టిన ముడి ఒకటి. వాన నీరు కారకుండా డాబా మీద పని చేయించినప్పుడు తీగ అడ్డమొస్తే ఎవరో కోసి, పని అయ్యాక రెండు కొసలూ మెలిపెట్టి, టేపు చుట్టి వెళ్లిపోయారు. ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా దానికి స్నానమే. టేపు విప్పితే లోపల రాగి లేదు, పచ్చటి పొడి ఉంది. వేలితో రుద్దితే ఒక కొస విరిగి చేతిలోకి వచ్చింది. రెండు వైపులా మంచి రాగి కనబడేదాకా కత్తిరించి, లోపల జెల్లీ నిండి ఉండే యూవై కనెక్టర్లు వేసి నొక్కాం. జెల్లీ ఉంటే తడి చేరదు. ఆ సాయంత్రం నుంచి ఆవిడకు ఫోను ఎత్తి పక్కన పెట్టే పని తప్పింది. మాకు ఫిల్టర్ కాఫీ దక్కింది.

మీ లైన్లో ఇలాంటి జాయింటు ఉందేమో మీరే పరీక్షించండి, వస్తువులేమీ అక్కర్లేదు. రిసీవర్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కండి. డయల్ టోను ఆగి కొన్ని సెకన్లు నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని చెవి రిక్కించి వినండి. చిటపటలు వినిపిస్తే తడిసిన జాయింటు లేదా వదులు స్క్రూ. సన్నటి జుమ్మనే మోత వినిపిస్తే తీగ కరెంటు వైరు పక్కన పోతోంది, లేదా జతలో ఒక తీగ ఎక్కడో తడిగోడకు తగులుతోంది. ఏమీ వినిపించకపోతే సంతోషం, కానీ చెవికి వినిపించని రోగాలు కూడా ఉన్నాయి. వాటికి అంకెలు చూడాలి.

రౌటర్ పేజీ ఇప్పుడు తెరవండి. బ్రౌజరులో 192.168.1.1 కొడితే చాలా రౌటర్లలో వస్తుంది. స్టేటస్ లేదా డీఎస్‌ఎల్ స్టాటిస్టిక్స్ అనే చోట మూడు అంకెలు వెతకండి. ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, అటెన్యుయేషన్, లైన్ రేటు. రెండు వరుసలు ఉంటాయి, డౌన్‌స్ట్రీమ్ వరుస చూస్తే చాలు.

అటెన్యుయేషన్ అంటే తీగ పొడవునా సంకేతం ఎంత నీరసించిందో. ఒక కిలోమీటరుకు సుమారు 14 డెసిబెల్స్ అని మోటు లెక్క. 28 ఉంటే ఎక్స్ఛేంజి మీకు రెండు కిలోమీటర్ల తీగ దూరంలో ఉందన్నమాట. మ్యాపులో చూసే దూరం కాదు, పిల్లర్లూ (వీధిలో ఉండే కేబుల్ పెట్టెలు) స్తంభాలూ తిరిగి తీగ వచ్చే దూరం. ఇది మీ చేతిలో లేదు, ఇల్లు మారితే తప్ప మారదు. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్‌కు కాగితం మీద 24 మెగాబిట్లు. కిలోమీటరు లోపు ఉన్నవారు దానికి చేరువగా చూస్తారు, మూడు కిలోమీటర్ల దగ్గర ఎనిమిదికి అటూ ఇటూ, నాలుగు దాటితే ఇక ఆశ తగ్గించుకోవాలి. మీరు తీసుకున్న ప్లాను ఎంతైనా తీగ ఇచ్చేదే మీకు వచ్చేది. అన్నట్టు, ఎనిమిది మెగాబిట్ల లైను మీద ఫైలు దిగుతుంటే కంప్యూటర్ సెకనుకు ఒక మెగాబైటు చూపిస్తుంది. బిట్లు ఎనిమిదైతే బైటు ఒకటి. మోసం ఏమీ జరగలేదు. ఈ ఫిర్యాదు నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను.

ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ అంటే చప్పుడు మీద సంకేతం ఎంత పైచేయిగా ఉందో, ఎంత వెసులుబాటు మిగిలి ఉందో. ఇది ఎక్కువ ఉండాలి. ఆరు కంటే తగ్గితే లైను తెగుతూ ఉంటుంది. పది దాటితే నిశ్చింత. ఇది రోజంతా ఒకేలా ఉండదు. చీకటి పడ్డాక దూరపు రేడియో కేంద్రాలు బాగా అందడం మొదలవుతుంది, తీగ కూడా వాటిని పట్టేస్తుంది, మార్జిన్ రెండు మూడు డెసిబెల్స్ పడిపోతుంది. కాబట్టి పగలు ఏడు చూపించిన లైను రాత్రి తెగడం వింత కాదు.

ఈ అంకెలను రెండు చోట్ల రాసుకోండి. ఒకసారి వీధి తలుపు పైన పెట్టె దగ్గర, మిగతావన్నీ విప్పేసి. మరోసారి మీరు మామూలుగా రౌటర్ పెట్టే చోట, అన్నీ తగిలించి. పెట్టె దగ్గర మార్జిన్ 14, గదిలో 5 ఉందనుకోండి, ఆ తొమ్మిదీ మీ ఇల్లు తిన్నది. అదంతా తిరిగి రాబట్టుకోవచ్చు. రెండు చోట్లా 5 అయితే ఇంట్లో ఎంత పని చేసినా దండగ.

ఇల్లు ఎలా తింటుంది? చాలావరకు తివాచీ కింద పరిచే ఆ పలచటి బల్లపరుపు టెలిఫోన్ తీగతో. స్తంభం నుంచి వచ్చే కేబుల్‌లో జత తీగలు ఒకదానితో ఒకటి మెలిక పడి ఉంటాయి. ఆ మెలికే వాటి కవచం. చప్పుడు రెండు తీగల్లోనూ సమానంగా దూరి, అవతల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. బల్లపరుపు తీగలో మెలిక లేదు, కాబట్టి అది ఏరియల్‌లా పనిచేస్తుంది. దాన్ని పదిహేను మీటర్లు లాగి, ట్యూబులైటు వైరు పక్క నుంచే తీసుకెళ్లి, చివర రౌటర్ పెడతారు. టెలిఫోన్ తీగ వీలైనంత పొట్టిగా, కంప్యూటర్‌కు పోయే ఈథర్నెట్ తీగ కావలసినంత పొడవుగా ఉండాలి. ఈథర్నెట్ 100 మీటర్ల దాకా తట్టుకుంటుంది. రౌటర్‌ను తప్పనిసరిగా లోపలి గదిలోనే పెట్టాలంటే ఈథర్నెట్‌కు వాడే క్యాట్ 5 కేబుల్‌లో ఒక మెలిక జతను టెలిఫోన్ తీగగా వాడుకోండి. పొరపాటున రెండు వేర్వేరు జతల నుంచి ఒక్కో తీగ తీసుకుంటే మళ్లీ మొదటికే వస్తారు.

స్ప్లిటర్‌ను కూడా అక్కడే, ఆ మొదటి పెట్టె పక్కనే పెట్టండి. మోడెమ్ రంధ్రం నుంచి మెలిక జత ఒకటి రౌటర్‌కు. ఫోన్ రంధ్రం నుంచి మరో జత హాల్లో ఫోనుకూ, నాన్నగారి గదిలో ఫోనుకూ. ఒక్క స్ప్లిటర్‌తో రెండు ఫోనులూ ఫిల్టర్ వెనక్కి వెళ్లిపోతాయి. మీ రింగు సమస్య నూటికి తొంభై పాళ్లు ఇక్కడే తీరుతుందని నేను పందెం కాస్తాను.

కొందరికి ఇవన్నీ సరిగ్గా ఉన్నా రోజూ ఒకే వేళకు తెగుతుంది. విద్యానగర్‌లో ఒకరికి సాయంత్రం ఆరున్నరకు తెగేది, తెల్లవారితే బాగుండేది. దీపం వెలిగించే వేళ కాబట్టి ఇంట్లో ఏదో వెలుగుతోందని పట్టుకున్నాను. పూజగదిలో రంగు దీపాల తోరణం, దానికి ఒక నాసిరకం అడాప్టరు. టెలిఫోన్ తీగ సరిగ్గా ఆ గోడ వెనకే ఉంది. ఇలాంటివి కనిపెట్టడానికి పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉత్తమం. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, రేడియోను పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఏ అడాప్టరు దగ్గర, ఏ దీపం దగ్గర గరగర పెరిగితే అదే దొంగ. ఈ రేడియో కిటుకు పనిచేయడానికి కారణం ఒక్కటే, మీడియం వేవ్ పట్టీ అంతా మీ ఏడీఎస్‌ఎల్ వాడుకునే పట్టీలోనే ఉంది. ఏడీఎస్‌ఎల్ తన పట్టీని 4.3125 కిలోహెర్ట్‌జ్ చొప్పున చిన్న చిన్న గళ్లుగా చేసుకుని ఒక్కో గడిలో కొన్ని బిట్లు నింపుతుంది. మన హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ 738 కిలోహెర్ట్‌జ్. భాగించి చూడండి, 171వ గడి. కొన్ని రౌటర్లు ఏ గడిలో ఎన్ని బిట్లున్నాయో బొమ్మ గీసి చూపిస్తాయి. తీగ పెద్దగా రక్షణ లేకుండా డాబాల మీదుగా వచ్చిన ఇళ్లలో 171 దగ్గర ఆ బొమ్మకు పన్ను ఊడినట్టు ఉంటుంది. దానికి మనం చేయగలిగింది ఏమీ లేదు, రౌటరే ఆ గడిని వదిలేసి పక్కవాటిలో సర్దుకుంటుంది. చూడ్డానికి బాగుంటుందని చెప్పాను, అంతే.

ఇక సెట్టింగులు. మూడు రోజులు వాటితోనే గడిపారు కాబట్టి ఒక పేరాలో ముగిస్తాను. రౌటర్ పేజీలో ఈ పేర్లున్న చోట ఇవి ఉండాలి: బీఎస్‌ఎన్‌ఎల్ లైనుకు వీపీఐ 0, వీసీఐ 35, కనెక్షన్ రకం పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి), ఎన్‌క్యాప్సులేషన్ ఎల్‌ఎల్‌సీ. వేరే కంపెనీ అయితే ఈ రెండు అంకెలూ మారతాయి, వారిచ్చిన కాగితం చూడండి. మాడ్యులేషన్ ఆటో మీదే వదిలేయండి. ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు, 1492, ఎందుకంటే మామూలు 1500లో పీపీపీఓఈ తన కోసం ఎనిమిది బైట్లు వాడుకుంటుంది. ఇది తప్పుగా ఉంటే కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతాయి. యూజర్‌నేమ్‌లో @ తర్వాతి భాగం కూడా రాయాలి, చాలామంది వదిలేసేది అదే. మీరు మొదట కొన్న రౌటర్‌ను తిరిగి ఇచ్చేయకపోతే దాచుకోండి. టెలిఫోన్ సాకెట్ ఉన్న రెండోదాన్ని బ్రిడ్జి పద్ధతిలో (లైను కలపడం వరకే చేసేలా) పెట్టి, దాన్నుంచి ఈథర్నెట్ తీగను ఆ మొదటి రౌటర్‌లో వ్యాన్ (WAN) అని రాసి ఉన్న సాకెట్టుకు ఇచ్చి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అందులో రాస్తే రెండూ కలిసి పనిచేస్తాయి. రేపు ఫైబర్ వస్తే ఆ మొదటిది అప్పుడు కూడా పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం ఈ రోజే మార్చండి. రౌటర్ పేజీకి లోపలికి వెళ్లడానికి అడ్మిన్, అడ్మిన్ అని కొట్టారు కదా, అదే పాస్‌వర్డ్ ప్రపంచమంతటికీ తెలుసు. 2017 జూలైలో మన దేశంలో ఈ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తోనే వదిలేసిన మోడెముల్లోకి మాల్వేర్ చొరబడి వాటిని పనిచేయకుండా చేసింది. అప్పుడు వినియోగదారులందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని అడగాల్సి వచ్చింది. వై-ఫై భద్రతకు డబ్ల్యూపీఏ 2 ఎంచుకోండి, పేరులో ఫ్లాటు నంబరు వద్దు. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఛానెల్ 1, 6, 11లలో ఏది చుట్టుపక్కల తక్కువ రద్దీగా ఉంటే అది ఎంచుకోండి. మిగతావి ఒకదాని మీద ఒకటి పడతాయి. రౌటర్‌ను టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన దాచకండి. వెనక గదికి అందడం లేదన్నారు. పాత కట్టడాల్లో ఇటుక గోడలు లావు, రెండు గోడలు దాటితే వై-ఫై నీరసిస్తుంది. అక్కడికి ఒక ఈథర్నెట్ తీగ లాగి మొదటి రౌటర్‌నే అక్కడ పెట్టుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఈదురుగాలితో ఉరుములు మొదలైనప్పుడు కరెంటు ప్లగ్గు ఒక్కటే పీకితే సరిపోదు, టెలిఫోన్ తీగ కూడా పీకండి. పిడుగు తాలూకు దెబ్బ ఎక్కువసార్లు ఆ దారినే వస్తుంది. కరెంటు పోయినప్పుడు ల్యాండ్‌లైన్ ఎందుకు పనిచేస్తుందో పైన చెప్పాను, దానికి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వస్తుంది. రౌటర్‌కు ఆ భాగ్యం లేదు. చాలా రౌటర్లు 12 వోల్టులవి కాబట్టి చిన్న డీసీ యూపీఎస్ ఒకటి చాలు, అయితే అడాప్టరు మీద రాసిన వోల్టులూ యాంపులూ చూసి మరీ కొనండి.

మొదటి పెట్టె దగ్గర కూడా దీపం నిలవకపోతే అప్పుడు ఫిర్యాదు చేయండి, ఇంటర్నెట్ రావడం లేదని మాత్రం చెప్పకండి. అలా చెబితే రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు. లోపలి తీగలన్నీ విప్పి పరీక్షించానని, ఎస్‌ఎన్‌ఆర్ ఇంత, అటెన్యుయేషన్ ఇంత అని చెప్పి, ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు రాసుకోండి. లైన్‌మన్ వచ్చినప్పుడు కింద మెట్ల దగ్గరుండే డీపీ పెట్టె (ఫ్లాట్లకు తీగలు చీలే చోటు) దగ్గర మీ రౌటర్‌నే తగిలించి చూపించమని అడగండి. అక్కడ అంకెలు బాగుంటే డీపీ నుంచి మీ ఫ్లాటుకు వచ్చే డ్రాప్ వైరు మార్చాలి. అక్కడ కూడా పాడైతే ఖాళీగా ఉన్న మరో జతకు మార్చడమో, పిల్లర్ దాకా వెతకడమో వారి పని. బయటి తీగను మీరు ముట్టుకోకండి, కానీ డాబా మీద జాయింటు ఎక్కడుందో ముందే చూసిపెట్టి చేయి పట్టుకుని చూపించండి. మూడంతస్తులు ఎక్కి వెతికే ఓపిక ఏ లైన్‌మన్‌కూ రోజూ ఉండదు.

ఫైబర్ మీ సందులోకి వచ్చిన రోజు రెండో ఆలోచన లేకుండా మారిపోండి. నేను రాగి మనిషినే, అయినా ఈ మాట చెబుతున్నాను. పాత నంబరు పోతుందని నాన్నగారు దిగులు పడుతున్నారన్నారు. అదే సంస్థ ఫైబర్‌కు మారితే సాధారణంగా నంబరు అలాగే ఉంచుకునే వీలుంటుంది, దరఖాస్తు ఇచ్చేటప్పుడే అడగండి.

ఆదివారం పగటిపూట ఆ పెట్టె మూత తీయండి. రెండు చోట్ల అంకెలు, స్క్రూల ఫొటో, డాబా మీద టేపు చుట్టిన ముడి ఏదైనా కనిపిస్తే దాని ఫొటో పంపండి. ముడి వాటర్ ట్యాంకుకు ఎంత దూరంలో ఉందో కూడా రాయండి.